తొమ్మిది నిమిషాల ఖాళీ బోర్డు

పన్నెండో భాగం

సోమవారం పొద్దున రింగు రోడ్డు మీద ఏం జరిగిందో ఈ నాలుగు రోజుల్లో శంషాబాద్ చుట్టుపక్కల అందరికీ తెలిసిపోయింది. పెద్ద గోల్కొండ దగ్గర చెడిపోయి ఆగిన లారీ వెనక పెట్రోలింగ్ గోపయ్య ఎర్ర కోన్లు పెడుతున్నాడు. కందుకూరు నుంచి టమాటాలు తెస్తున్న వ్యాను మంచులో దూసుకొచ్చి ఆయన్ని కొట్టేసింది. కుడికాలు రెండుచోట్ల విరిగింది. జనానికి తెలిసింది ఇంతవరకే.

ఆ లారీకి రెండు కిలోమీటర్ల ముందు, డ్రైవర్లకు దారి సంగతి చెప్పడానికి నిలబెట్టిన కరెంటు అక్షరాల బోర్డు ఒకటుంది. నాలుగో నంబరు బోర్డు. గోపయ్యకు దెబ్బ తగిలిన సమయానికి అది తొమ్మిది నిమిషాలుగా ఖాళీగా ఉందన్న సంగతి కంట్రోల్ రూములో వాళ్లకు మాత్రమే తెలుసు. ఎందుకు ఖాళీగా ఉందో మాధవీలత ఒక్కదానికే తెలుసు.

గురువారం పదకొండు గంటలకు విచారణ అన్నారు.

పొద్దున మొగుడు జగన్ బండి వెనక కూర్చుని మాధవి డ్యూటీకి బయల్దేరింది. మామిడిపల్లి దాటాక, విమానాశ్రయం గోడ పక్కన, ఇక ఉండబట్టలేక అడిగింది.

"పెద్దబాపు ఎట్లున్నడు?"

"నొప్పికి సూదేసిన్రు. పండుకున్నడు."

"నన్ను అడిగిండా?"

"అడగకుంట ఉంటడా? పిల్ల ఎందుకొస్తలేదన్నడు. డ్యూటీల ఉన్నదని చెప్పిన."

గోపయ్య ఆమెకు రక్తసంబంధం కాదు. నాన్న దోస్తు. ఒకే వాడకట్టు. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న పిల్లను మూడేళ్ల కింద చెయ్యి పట్టుకుని కంట్రోల్ రూముకు తీసుకొచ్చి, 'మా బిడ్డకు ఈ దారిల ప్రతి మలుపు ఎర్కనే సార్' అని చెప్పి ఉద్యోగంలో కూర్చోబెట్టింది ఆయనే. నాలుగు రోజులైంది. ఆమె ఇంతవరకు దవాఖానకు పోలేదు. పోయి ఆ కాలు చూసే ధైర్యం లేదు.

"కావేరి మేడం మాత్రం రోజూ వస్తున్నది," అన్నాడు జగన్. "నిన్న పెద్దబాపు కాడ కూసున్న శివమ్మ పెద్దమ్మకు అన్నం గూడ వట్టుకొచ్చింది."

మాధవి వీపు నిటారుగా అయింది.

"వస్తున్నట్టు నీకు ఫోన్ చేసిందా?"

జగన్ హారన్ కొట్టాడు. ముందు పోతున్న ట్రాలీని దాటాక, "నువ్వనుకున్నట్టు కాదు మాధవీ. మంచిదే ఆమె," అన్నాడు.

"నేనేమనుకున్న?"

అతను బండి వేగం పెంచాడు. పెట్రోలింగ్ బండి నడిపే మనిషి. మామూలుగా తోవంతా మాట్లాడుతూనే ఉంటాడు. సోమవారం నుంచి మనిషి మూగపోయాడు. తన కళ్ల ముందే గోపయ్య పడిపోయాడు కాబట్టి ఆ దిగులు అనుకుంది ఆమె. కానీ ఆ మూగ మనిషి నోటికి కావేరి పేరు మాత్రం వస్తోంది.

కావేరి అంటే మాధవికి ఎందుకు పడదో ఎవరైనా అడిగితే ఆమె ఒక కారణం చెప్పలేదు. వంద చెప్తుంది.

కావేరి కంట్రోల్ రూముకు వచ్చి ఐదు నెలలే అయింది. ఇంజినీరింగ్ చదివింది. వాళ్లది భీమవరం. ఇరవయ్యేళ్ల కింద వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డారు. వచ్చిన రోజే షిఫ్టు ఇన్‌చార్జి కుర్చీలో కూర్చుంది. మూడేళ్లుగా ఆ కుర్చీ పక్క కుర్చీలో కూర్చున్న మాధవి అదే పక్క కుర్చీలో మిగిలింది. మేనేజర్ జోగారావుది కూడా అటువైపే. పొద్దున్నే వచ్చి, "కాఫీ పుచ్చుకున్నారా అమ్మా?" అని కావేరిని పలకరిస్తాడు. మాధవిని చూస్తే, "ఏం మాధవి గారూ, టోల్ గేట్ల దగ్గర ఎలా ఉంది?" అంటాడు. రెండు పలకరింపుల మధ్య తేడా ఎంతో ఆమె రోజూ కొలుచుకునేది.

ఇవన్నీ ఎలాగో మింగింది. మింగలేనిది బోర్డుల సంగతి.

నాలుగు నెలల కింద ప్రయోగం కోసమని నాలుగు బోర్డులు పెట్టారు. రెండే వరుసలు. వరుసకు పదిహేను అక్షరాలు. మొదటి వారంలోనే మాధవి ఒక సంగతి గమనించింది. చిన్న చిన్న దీపాల చుక్కలతో అక్షరం వెలుగుతుంది కాబట్టి, ఒత్తు వచ్చిన చోట చుక్కలన్నీ కలిసిపోయి ముద్దగా కనిపిస్తాయి. వందలో పోయే డ్రైవరుకు ఆ ముద్ద అర్థం కాదు. అంచేత ఒత్తులు లేని మాటలు ఏరుకోవాలి. నీతులు చెప్పకూడదు. ముందు ఏముందో, ఎంతలో పోవాలో చెప్పి ఊరుకోవాలి. ఇదంతా ఆమె ఒక మధ్యాహ్నం అన్నం తింటూ కావేరికి చెప్పింది. కావేరి శ్రద్ధగా విని నోట్‌బుక్కులో రాసుకుంది. పోయిన నెల వచ్చిన రిపోర్టులో 'తెలుగు సందేశాల రూపకల్పన' అన్నచోట ఒక్కటే పేరు ఉంది. కావేరి.

"నేను మీ పేరే ఇచ్చానండీ, పైన మార్చేశారు," అంది కావేరి ఆ రోజు.

మాధవి నమ్మలేదు. పేరు పోయింది ఒక ఎత్తు. ఆ మధ్యాహ్నం తన డబ్బాలోంచి ఆమెకు పచ్చిపులుసు పోసింది కూడా. అది ఇంకా ఎక్కువ మండింది.

ఆపైన కొత్త రూలు వచ్చింది. బోర్డు మీద ఏ మాట పెట్టాలన్నా ఇన్‌చార్జి ఓకే నొక్కాలి. తీసెయ్యడానికి మాత్రం ఎవరి ఓకే అక్కర్లేదు.

సోమవారం పొద్దున ఆరున్నరకు లారీ ఆగిపోయిందని ఫోన్ వచ్చింది. కావేరి నాలుగో బోర్డు మీద 'పొగమంచు, నెమ్మదిగా ప్రయాణించండి' అని పెట్టింది. గోపయ్య, జగన్ పెట్రోలింగ్ బండిలో బయల్దేరారు. మాధవి కెమెరాలో చూసింది. మంచులో ఆ అక్షరాలు గోడకు కొట్టిన పిడకల్లా ఉన్నాయి. ఒక్క బండి కూడా తగ్గడం లేదు.

కావేరి ఫోన్ మోగింది. ఆమె లేచి కారిడార్లోకి వెళ్లింది.

ఆరూ నలభై ఒకటికి మాధవి ఆ మాట తీసేసింది. నిమిషంలో తన మాట కొట్టింది. 'ముందు లారీ ఆగింది. 40 దాటి పోకండి.' ఓకే కోసం అది స్క్రీన్ మీద వెలుగుతూ ఆగింది.

అద్దం అవతల కావేరి కనిపిస్తూనే ఉంది. నాలుగు అడుగుల దూరం. ఫోన్ చెవిన పెట్టుకుని, ఇటు వీపు చేసి. అద్దం మీద వేలితో కొడితే చాలు.

మాధవి కొట్టలేదు.

ఆరూ యాభైకి వైర్‌లెస్‌లో గరగరల మధ్య జగన్ కేక వినిపించింది. 'పెద్దబాపును కొట్టింది, అంబులెన్సు పంపుండ్రి.' కావేరి పరుగెత్తుకొచ్చి ఓకే నొక్కింది.

*

జోగారావు గదిలో నాలుగే కుర్చీలు. ఒక దాంట్లో శివరామకృష్ణ కూర్చున్నాడు, మిగతా వాటిలో జోగారావు, కావేరి, మాధవి. అరవై దగ్గర పడిన మనిషి. రిటైరైన ఇంజినీరు. ఈ బోర్డులు పనికొస్తాయా లేదా తేల్చి రిపోర్టు రాయడానికి ఆయన్ని పెట్టారు. రింగు రోడ్డు పొడవునా బోర్డులు పెట్టాలా, ఉన్న నాలుగూ పీకెయ్యాలా అన్నది ఆయన చేతిలో ఉంది. ఆయన ముందు రెండు కాగితాలున్నాయి.

"చూడండి, నేను ఈ బోర్డుల మీద నమ్మకం లేకుండా వచ్చినవాణ్ని," అన్నాడు ఆయన. "నాలుగు నెలలుగా కెమెరాల్లో బళ్ల వేగం చూస్తున్నాను. 'జాగ్రత్త' అని పెట్టిన రోజూ, ఏమీ పెట్టని రోజూ ఒక్కటే. ఎవడూ చదవడు. చదివినా అది పక్కవాడికి చెప్పారనుకుంటాడు. ఇవి దండగ అని రాసేద్దామనే అనుకున్నాను."

మొదటి కాగితం జోగారావు వైపు తోశాడు.

"ఇది సోమవారం. ఆరూ నలభై ఒకటి దాకా బోర్డు మీద పొగమంచు అని ఉంది. బళ్లు ఎనభై నాలుగులో పోతున్నాయి. తర్వాత బోర్డు ఖాళీ. ఎనభై ఎనిమిది. ఆరూ యాభైకి కొత్త మాట పడింది. ఆ తర్వాత పావుగంటలో నూట పదమూడు బళ్లు వచ్చాయి. ఒక్కటి, ఒక్కటి కూడా యాభై దాటలేదండీ. అదే మంచు, అదే రోడ్డు. మారింది మాటొక్కటే. అక్కడ గోపయ్య గారు రోడ్డు మీద పడి ఉన్నారు. చుట్టూ నలుగురు ఉన్నారు. ఆ మాటే లేకపోతే ఇంకెంతమంది పోయేవారో."

మాధవి ముందుకు వంగింది. మూడేళ్లలో ఆమె చేసిన పని గురించి ఆ గదిలో ఎవరూ అంత గట్టిగా మాట్లాడలేదు.

"ఈ మాట రాసిందెవరు?" అన్నాడు శివరామకృష్ణ.

నేనే అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆగండి, రెండో ప్రశ్న కూడా అడిగేస్తాను," అన్నాడు ఆయన. "పాత మాట తీసేసిందెవరు? కొత్తది సిద్ధం కాకుండా తొమ్మిది నిమిషాలు బోర్డు ఎందుకు ఖాళీగా పెట్టారు? కాగితం మీద మనుషుల పేర్లు లేవు. షిఫ్టు నంబరొక్కటే ఉంది. నా లెక్క ప్రకారం రెండూ ఒక్కరే చేసి ఉండాలి."

మాధవి నాలుక వెనక్కి పోయింది. ఆ మాట కావాలంటే ఆ తొమ్మిది నిమిషాలూ కావాలి. గోపయ్య కాలు కూడా కావాలి.

"నేనే సార్," అంది కావేరి.

అందరూ అటు తిరిగారు. కావేరి బల్ల అంచు చూస్తూ చెప్పింది.

"రెండూ నేనే చేశాను. సీట్లోనే ఉన్నాను. పాతది తీసి కొత్తది రాస్తుంటే అక్షరాలు సరిగ్గా పడలేదు. రెండు మూడుసార్లు మార్చాను. ఆలస్యమైపోయింది. తప్పు నాదే."

జోగారావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఒప్పుకోవడానికి ధైర్యం కావాలమ్మా," అన్నాడు.

"తప్పు తప్పే. అది రాయక తప్పదు," అన్నాడు శివరామకృష్ణ. ఆయన గొంతులో కోపం లేదు. "కానీ ఆ మాట మటుకు నా రిపోర్టు మొదటి పేజీలో పెడతాను. బోర్డులు ఉండాలంటే ఇలాంటి మాటలు ఉండాలి, లేకపోతే అక్కర్లేదని రాస్తాను. దాని కింద మీ పేరు కూడా ఉంటుంది."

కావేరి తల ఊపింది.

మాధవి అలాగే కూర్చుంది. బతికిపోయింది. ఇక లేచి వెళ్లి తన కుర్చీలో కూర్చోవచ్చు. సాయంత్రం దవాఖానకు పోవచ్చు. గోపయ్యకు ఎప్పటికీ తెలియదు. నాలుగు రోజులుగా ఆమె దేవుణ్ని అడిగింది ఇదే.

కానీ ఆమె కళ్లు శివరామకృష్ణ పెన్ను మీద ఉన్నాయి. ఆయన కాగితం మీద ఆ మాట రాసుకున్నాడు. దాని కింద 'కావేరి' అని రాస్తున్నాడు. కా... వే...

ఒకసారి రిపోర్టులో. ఇప్పుడు ఇంకోసారి. పైగా తప్పు ఒప్పుకున్న మంచి మనిషి అన్న పేరు కూడా. ఈ సంగతి సాయంత్రానికి జగన్‌కు తెలుస్తుంది. 'ఎంత గుండె ఆమెది' అంటాడు. గోపయ్య కూడా క్షమించేస్తాడు, ఆమె చేతి అన్నం తిని మరీ. తను చేసిన మంచి ఆమెకే పోయింది. తను చేసిన చెడు కూడా ఆమె చేతిలో పడేసరికి మెరిసిపోతోంది. నాకంటూ ఏం మిగిలింది?

"ఆ మాట ఆమెది కాదు సార్," అంది మాధవి.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. కావేరి చప్పున తల తిప్పి, వద్దన్నట్టు చూసింది. ఆ చూపు మాధవికి ఇంకా మంట పెట్టింది.

"నాది. నేను రాసిన."

"మాధవి గారూ, ఆలోచించుకుని మాట్లాడండి," అన్నాడు జోగారావు.

"ఆలోచించే మాట్లాడుతున్న సార్. ఆ బోర్డు మీద ఒత్తులు కనవడయ్. అందుకే ఒత్తు లేకుంట రాస్త నేను. ఆ మాటల చూడుండ్రి, ఒక్క ఒత్తున్నదా? మేడం రాస్తే 'వెళ్ళకండి' అని రాస్తది. దాంట్ల ఒత్తున్నది. 'పోకండి' అని ఆమె నోటికి రాదు సార్. అది మా ఇండ్లల్ల మాట."

శివరామకృష్ణ కాగితం దగ్గరగా తీసుకుని చూశాడు. పెదవులు కదిలాయి. ఆ రెండు వరుసలూ మళ్లీ చదువుకున్నాడు. పెన్నుతో కావేరి పేరు మీద గీత గీశాడు.

"అయితే తీసేసింది?"

పైనుంచి విమానం ఒకటి దిగుతోంది. కిటికీ అద్దాలు సన్నగా వణికాయి. ఆ చప్పుడు పోయేదాకా ఆయన ఆగాడు.

"అది గూడ నేనే," అంది మాధవి.

"ఎందుకు?"

"అది పనికొస్తలేదు సార్. కెమెరాల చూసిన. ఒక్క బండి ఆగుతలేదు."

"సరే, ఒప్పుకుంటాను. ఈ రెండు వరుసలు కొట్టడానికి తొమ్మిది నిమిషాలా?"

ఇక్కడ ఆగిపోవచ్చు. అక్షరాలు పడలేదు అని కావేరి చెప్పిన అబద్ధమే తనూ చెప్పవచ్చు. కానీ నోరు తెరిచాక మాట ఆగలేదు.

"ఒక్క నిమిషం పట్టింది. మిగతా ఎనిమిది నిమిషాలు ఓకే కోసం ఆగింది. మేడం సీట్ల లేదు. అద్దం అవతల ఫోన్ల ఉన్నది. నేను చూస్తనే ఉన్న. పిలవలే."

"పిలవలేదా?"

"లేదు సార్. ఇన్‌చార్జి సీట్ల లేదని కాగితం మీద పడాలె అనుకున్న. అందరు చూడాలె అనుకున్న. అంతే." ఆమె కిటికీ వైపు చూసింది. "గోపయ్య పెద్దబాపు ఆడ ఉన్నడని ఎర్కే నాకు. లారీ వెనక ఉన్నడని ఎర్కే. అయినా పిలవలే."

జోగారావు కుర్చీలో వెనక్కి వాలాడు. కావేరి ముఖంలో రక్తం లేదు. తనకు తెలియని సంగతి అదొక్కటే. తీసేసింది మాధవి అని తెలుసు. రాసింది మాధవి అని తెలుసు. అద్దంలోంచి ఎనిమిది నిమిషాలు తన వీపు చూస్తూ కూర్చుందని మాత్రం తెలియదు.

నిజం చెప్పేసినందుకు మాధవికి ఊపిరి తేలికైంది. ఆ తేలికలో ఇంకోటి కూడా ఉంది. సీట్లో లేవు కదా, ఇప్పుడేమంటావు అన్న సంతోషం. అది ఉందని ఆమెకు తెలుసు. తెలిసి కూడా పోగొట్టుకోలేకపోయింది.

శివరామకృష్ణ కావేరి వైపు తిరిగాడు.

"సీట్లోనే ఉన్నానన్నారు మీరు."

కావేరి తల వంచుకుంది.

"తొమ్మిది నిమిషాలు ఎవరితో ఫోన్లో ఉన్నారు?"

"పని మీదే సార్. క్రేన్ విషయం."

"ఎవరితో?"

కావేరి చూపు తిప్పుకుంది.

ఆయన పెన్ను మూత పెట్టాడు. "జోగారావు గారూ, డ్యూటీ ఫోన్లన్నిటి కాల్స్ లిస్టు తెప్పించండి. లారీ దగ్గర ఉన్న రెండో మనిషిని కూడా రమ్మనండి. అరగంట తర్వాత మళ్లీ కూర్చుందాం."

జోగారావు మాధవితో ఒక్క మాటే అన్నాడు. "మీరు కంట్రోల్ రూములోకి వెళ్లొద్దు. నేను చెప్పేవరకూ వెళ్లొద్దు."

*

భవనం వెనక మెట్ల దగ్గర ఎవరూ ఉండరు. అక్కడినుంచి చూస్తే రింగు రోడ్డు వంపు తిరిగి తుక్కుగూడ వైపు పోవడం కనిపిస్తుంది. మాధవి రెయిలింగ్ పట్టుకుని నిలబడింది. వెనక చెప్పుల చప్పుడు విని కూడా తిరగలేదు.

"ఎందుకు చెప్పారండీ?" అంది కావేరి.

"నా మాట నువ్వెట్ల తీసుకుంటవ్?"

ఐదు నెలల్లో మొదటిసారి 'మేడం' పోయి 'నువ్వు' వచ్చింది. కావేరి పట్టించుకోలేదు.

"మీ మాట నాకెందుకండీ? ఆయన రెండూ ఒక్కరే అన్నారు కాబట్టి రెండూ నావే అన్నాను. నేను సీట్లో ఉన్నానంటే ఫోన్ సంగతి ఎవరూ అడగరు. అందుకే అన్నాను. అంతకంటే ఏం లేదు. రిపోర్టులో పేరు తర్వాత మార్పించొచ్చు అనుకున్నాను."

"పోయిన నెల మార్పించినట్టేనా?"

"పోయిన నెల రాసిన కాగితం ఇంకా నా దగ్గరుంది. మీ పేరుతో ఉంది. చూపిస్తాను, ఎప్పుడు కావాలన్నా." కావేరి ఒక అడుగు దగ్గరికి వచ్చింది. "అది కాదండీ ఇప్పుడు. లిస్టు వస్తుంది. అరగంటలో వస్తుంది."

"రానియ్యి. నీకెందుకంత భయం? ఎవరున్నరు ఫోన్ల?"

కావేరి రోడ్డు వైపు చూసింది. చెప్పాలా వద్దా అని చాలాసేపు తనలో తాను కొట్టుకుంది. కింద ఎవరో జీపు స్టార్ట్ చేశారు. అది గేటు దాటి వెళ్లిపోయింది.

"జగన్ గారు," అంది.

మాధవికి ఆ పేరు ఒక్క క్షణం ఎవరిదో అర్థం కాలేదు. తన మొగుడి పేరు వేరే ఆడదాని నోట్లో అలా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

"మా జగనా?"

"క్రేన్ ఎంతసేపట్లో వస్తుందని అడగడానికి చేశారు. వైర్‌లెస్ సరిగ్గా లేదన్నారు. అది రెండు మాటల్లో అయిపోయింది. తర్వాత..." కావేరి ఆగింది. "తర్వాత మీ గురించి అడిగారు."

"నా గురించి ఏమడిగిండు?"

"ఇన్‌చార్జి ట్రైనింగ్‌కు పేర్లు పంపడానికి సోమవారమే ఆఖరు. మీ పేరు రాయమని అడిగారు. 'ఆమె మనసుల ఎంత పెట్టుకుంటున్నదో మీకు తెల్వదు మేడం, ఇంట్ల నిద్ర పోతలేదు' అన్నారు. మీరు మూడేళ్లలో ఏమేం చేశారో ఒక్కొక్కటే చెప్తున్నారు. నేనూ ఆపలేదు. రాస్తానని చెప్పాను. రాశాను కూడా."

మాధవి చెయ్యి రెయిలింగ్ మీద బిగిసింది.

"ఆ సమయంలో ఆయన వంద గజాలు వెనక ఎర్రజెండా పట్టుకుని నిలబడాలి," అంది కావేరి మెల్లగా. "ఒకరు కోన్లు పెడితే ఒకరు జెండా పట్టాలి. అది మీకూ తెలుసు. ఆయన బండిలో కూర్చుని నాతో మాట్లాడుతున్నారు. గోపయ్య గారు ఒక్కరే ఉన్నారు రోడ్డు మీద. బోర్డు లేదు. జెండా లేదు. లిస్టు చూస్తే అది బయటపడుతుంది. నా ఉద్యోగం పోతే పోనీండి. ఆయన మీద కేసు పెడతారు."

ఇక్కడ మాధవికి భయం పుట్టాలి. పుట్టింది కూడా, ఎక్కడో అడుగున. కానీ దానికంటే ముందు వేరేది లేచింది.

"నీకెట్ల తెలుసు, బండిల కూర్చున్నడని?"

"ఆయనే చెప్పారు. మంగళవారం ఆసుపత్రి వరండాలో. చిన్నపిల్లాడిలా ఏడ్చారండీ. మీకు చెప్పొద్దని చేతులు పట్టుకుని..."

"ఏడ్చిండా?"

కావేరి ఆగిపోయింది.

"నీ ముందట ఏడ్చిండా?" అంది మాధవి. "ఇంట్ల నాలుగు రోజులు నోరిప్పలే. అన్నం పెడితే తిన్నడు, లేచి పోయిండు. నేను పక్కల్నే ఉన్న. పక్కల్నే పండుకున్న. నాకు చెప్పనిది నీ చేతులు వట్టుకుని చెప్పి ఏడ్చిండా?"

"మాధవి గారూ, మీకోసమే..."

"నాకోసం ఏం చేసినా నీ దగ్గరికే వస్తడా?"

ఆ మాట మెట్ల మీద గట్టిగా మోగింది. కావేరి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మాధవికి జాలి కలగలేదు. తన పేరు కోసం, తన కుర్చీ కోసం, తన నిద్ర కోసం మొగుడు తొమ్మిది నిమిషాలు బతిమాలాడట. అదే తొమ్మిది నిమిషాలు తను ఆ వీపు చూస్తూ కుళ్లిపోయింది. మొగుడి మాట ఆ వీపుకు అవతల ఉంది. పెళ్లై ఆరేళ్లలో అతను తనతో ఆపకుండా తొమ్మిది నిమిషాలు తన గురించి మాట్లాడిన రోజు ఉందా? గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. ఒక్కటి కూడా గుర్తు రాలేదు.

అప్పుడు అర్థమైంది ఆమెకు, తను ఏం చేసిందో. కావేరిని పట్టివ్వాలని అద్దం మాట బయటపెట్టింది. ఆ మాటే ఫోన్ దాకా పోయింది. ఫోన్ జగన్ దాకా పోతుంది. నోరు మూసుకుని కూర్చుని ఉంటే, కావేరి పేరు ఆ కాగితం మీద అలాగే ఉండనిచ్చి ఉంటే, ఈపాటికి జగన్ రోడ్డు మీద బండి నడుపుకుంటూ ఉండేవాడు.

"లిస్టు ఆపొచ్చా?" అంది. గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది.

"నా వల్ల కాదండీ. శివరామకృష్ణ గారికి ముందే చెబుదాం అనుకుంటున్నాను. వాళ్లు కనుక్కునే లోపు మనమే చెప్తే..."

"మనమా?"

కింద తలుపు తెరుచుకున్న చప్పుడు. ఎవరో రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వస్తున్నారు. మలుపు తిరిగాక జగన్ కనిపించాడు. చేతిలో హెల్మెట్, ఒంటి మీద పెట్రోలింగ్ పసుపు జాకెట్. మూడు రోజుల గడ్డం. ఆయాసపడుతున్నాడు.

"జోగారావు సార్ రమ్మన్నడని ఫోనొచ్చింది," అన్నాడు.

ఇద్దరినీ చూశాడు. ఒకరి ముఖం తడిగా ఉంది. ఇంకొకరి ముఖం రాయిలా ఉంది. ఏం జరిగిందో పూర్తిగా తెలియకపోయినా, జరగకూడనిది జరిగిందని అతనికి తెలిసిపోయింది. ఒక మెట్టు పైకి ఎక్కాడు. మాధవి అతని కోసం చెయ్యి చాపబోయింది. ఎన్ని ఉన్నా తన మనిషి. ముందు తనతోనే మాట్లాడతాడు.

జగన్ ఆమె పక్కనుంచి కావేరి వైపు చూశాడు.

"చెప్పేసిండ్రా మేడం?" అన్నాడు. "మొత్తం చెప్పేసిండ్రా?"

కావేరి కళ్లు తుడుచుకోలేదు. మాధవిని ఒకసారి చూసి, అతని వైపు చూసి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఫోన్ సంగతే చెప్పాను," అంది. "మిగతాది చెప్పలేదు."